సొరకాయ నుంచి నుదుటి దాకా: ముక్కు శస్త్రచికిత్స నేర్చిన దారి

విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కితే నాగార్జునసాగర్ నీళ్ళ మీదుగా నాగార్జునకొండ చేరతాం. ఇప్పుడు దీవిగా కనిపించేది నిజానికి కొండ తల. దాని కాళ్ళ దగ్గర, ఇప్పుడు నీళ్ళు నిండిన లోయలో, క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1955 డిసెంబరులో డ్యాముకు శంకుస్థాపన జరిగింది. లోయ మునుగుతుందని తెలిసి, అంతకు ముందే 1954లో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టారు. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1960 దాకా అవి సాగాయి. బయటపడ్డ కట్టడాల్లో ముఖ్యమైనవాటిని విప్పి, కొండ మీదికీ ఒడ్డున ఉన్న అనుపుకీ తరలించి, మళ్ళీ కట్టారు.

ఆ తవ్వకాల్లో వైద్య చరిత్రకారులను ఆకర్షించిన మాట ఒకటుంది. ఒక విహారంలో కనిపించిన రాతలోని ‘విగత జ్వరాలయం’ అనే పేరు అది. జ్వరపడి కోలుకుంటున్న భిక్షువులు ఉండే చోటని దాన్ని అర్థం చేసుకున్నారు. శస్త్రచికిత్స విషయంలో ఈ కొండకు అంటుకున్న ఖ్యాతి మాత్రం వేరే దారిలో వచ్చింది. 12వ శతాబ్దంలో సుశ్రుత సంహితకు వ్యాఖ్యానం రాసిన డల్హణుడు, ఆ గ్రంథాన్ని సంస్కరించినవాడు నాగార్జునుడని చెప్పాడు. కొండ పేరు నాగార్జునకొండ. ఇంకేముంది, ప్రపంచానికి ముక్కు ఆపరేషన్ నేర్పిన పుస్తకం మన కృష్ణ ఒడ్డునే తయారైందని చెప్పేవాళ్ళు మొదలయ్యారు.

ఇక్కడ కాస్త నిదానించాలి. మన దేశంలో నాగార్జునుడనే పేరుతో తత్వవేత్త ఉన్నాడు, రసవాది ఉన్నాడు, వైద్యుడూ ఉన్నాడు. వీళ్ళంతా ఒకరేనని చెప్పడానికి ఆధారం లేదు. మాధ్యమిక తత్వవేత్త ఈ కొండ మీదే నివసించాడనడానికి కూడా ఇక్ష్వాకుల శాసనాల్లో సాక్ష్యం దొరకలేదు. జగ్గయ్యపేట శాసనమొకటి భదంత నాగార్జునాచార్యుడి శిష్యపరంపరను పేర్కొంటుంది. ఈ ప్రాంతంతో ఆ పేరుకున్న బంధానికి దొరికే సాక్ష్యం ఆ మాత్రమే. కాబట్టి కొండకూ సంహితకూ ముడి వేయకుండా, సంహితలో ఏముందో నేరుగా చూడటం మంచిది.

అందులోని సూత్రస్థానంలో రెండు అధ్యాయాలు మనకు కావాలి. పదహారో అధ్యాయం తెగిన చెవినీ ముక్కునీ తిరిగి కట్టే పద్ధతి చెబుతుంది. గర్వంగా చెప్పుకునేటప్పుడు అందరూ దీన్నే ఎత్తుతారు. తొమ్మిదో అధ్యాయాన్ని తలిచేవాళ్ళు తక్కువ. అసలు కత్తి పట్టడం ఎలా నేర్చుకోవాలో చెప్పేది అదే. నా దృష్టిలో ముక్కు శస్త్రచికిత్స కథకు ఆ తొమ్మిదో అధ్యాయమే ప్రాణం.

సొరకాయ మీద తొలి కోత

ఆ అధ్యాయం పేరు యోగ్యాసూత్రీయం. యోగ్య అంటే అభ్యాసం. శాస్త్రమంతా చదివినా అభ్యాసం చేయనివాడు పనికి తగినవాడు కాడని ముందే తేల్చి, ఏ పనిని దేని మీద నేర్చుకోవాలో వరసగా చెబుతుంది. కోయడం నేర్చుకోవాలంటే సొరకాయ, పుచ్చకాయ, దోసకాయ. గాటు పెట్టి లోపలి ద్రవాన్ని బయటికి వదలాలంటే నీళ్ళు నింపిన తోలుతిత్తి. సిరను పొడవాలంటే చచ్చిన జంతువు సిర, తామరతూడు. గాయం లోతు వెతకాలంటే పురుగు తొలిచిన కర్ర. పన్ను పీకాలంటే చచ్చిన జంతువు పన్ను. కుట్లు వేయాలంటే పలుచని గుడ్డ అంచులు, దళసరి గుడ్డ అంచులు, మెత్తని తోలు. కట్టు కట్టాలంటే మనిషి ఆకారంలో చేసిన బొమ్మ. తెగిన చెవి అతకడం నేర్చుకోవడానికి మెత్తని మాంసపు ముక్కా, తామరతూడూ.

ఈ జాబితా వేసినవాడు పాఠం చెప్పే గురువే అయి ఉంటాడు. దోసకాయ గట్టిదనం వేరు, నిండు తిత్తి బిగువు వేరు. గుడ్డ అంచులోనూ పలుచనిది, దళసరిది అని తేడా పెట్టాడంటే, సూది దిగేటప్పుడు వేళ్ళకు తగిలే ప్రతిఘటన ఒక్కో చోట ఒక్కోలా ఉంటుందని తెలిసే పెట్టాడు. ఈ కాలపు వైద్య కళాశాలల్లోని సిమ్యులేషన్ ల్యాబులో సిలికాన్ చర్మం మీద కుట్లు వేయించడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే: మొదటి తప్పులు ప్రాణం లేనివాటి మీద జరిగిపోవాలి.

శారీరస్థానంలో ఇంకో మెట్టు ఉంది. శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, మెత్తబడ్డాక కుంచెతో మెల్లగా రుద్దుతూ పొర తర్వాత పొర చూడమని చెబుతుంది. కాయ మీద చేయి కుదురుతుంది, శవం మీద కన్ను కుదురుతుంది. ఆ తర్వాతే రోగి.

చెంప తోలు, నుదుటి తోలు

ఇప్పుడు పదహారో అధ్యాయం. తెగిన ముక్కుకు సరిపడే కొలతలో చెట్టు ఆకు ఒకటి తీసుకోవాలి. ఆ కొలత ప్రకారం చెంప పక్క నుంచి చర్మం కోయాలి. ముక్కు మొండాన్ని గీకి పచ్చిచేసి, దాని మీద ఈ చర్మాన్ని అతికి కుట్టాలి. ఊపిరాడటానికి రంధ్రాల్లో రెండు గొట్టాలు పెట్టి కొంచెం పైకెత్తాలి. పతంగచెక్క, యష్టిమధుకం, అంజనం పొడులు చల్లి, తెల్లని దూది కప్పి, నువ్వులనూనెతో తడుపుతూ ఉండాలి. అతుక్కున్నాక ముక్కు పొట్టిగా ఉంటే సాగదీయాలి, ఎక్కువైతే కోసి సరిచేయాలి.

ఇక్కడ చర్మం చెంపది. ‘భారతీయ పద్ధతి’ పేరుతో ప్రపంచమెరిగిన ఆపరేషన్‌లో చర్మం నుదుటిది. మధ్యలో ఎన్ని శతాబ్దాల చేతులు మారి చెంప నుంచి నుదుటికి వచ్చిందో గ్రంథాల్లో లేదు. నుదుటి పద్ధతి కొన్ని కుటుంబాల చేతుల్లో, తండ్రి నుంచి కొడుక్కు పనిగా వచ్చింది. హిమాలయాల్లోని కాంగ్రాలో అలాంటి కుటుంబాలుండేవి. పుణె పరిసరాల్లో ఇటుకలు చేసే కులంవాళ్ళుండేవాళ్ళు.

ఆ ఇటుకల కులస్థుడి పనే చరిత్రకెక్కింది. మూడో మైసూరు యుద్ధంలో ఆంగ్లేయుల సైన్యం దగ్గర ఎడ్లు తోలే కావాస్‌జీ టిప్పు సుల్తాను మనుషులకు చిక్కాడు. వాళ్ళు అతని ముక్కూ ఒక చేయీ నరికి వదిలేశారు. ఏడాదిపాటు ముక్కు లేకుండానే బతికాడు. ఆ తర్వాత పుణె దగ్గర అతనికి కొత్త ముక్కు కట్టారు. ఆ పనిని థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే అనే ఇద్దరు ఆంగ్ల వైద్యులు దగ్గరుండి చూశారు. 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ఆ వివరాలను కావాస్‌జీ బొమ్మతో సహా అచ్చువేసింది.

ఆ పని ఎలా సాగిందో దగ్గరగా చూద్దాం. పలుచని మైనపు పలకను ముక్కు మొండం మీద పెట్టి ముక్కు ఆకారంలో ఒత్తారు. తీసి చదును చేసి నుదుటి మీద పెట్టి, చుట్టూ గీత గీశారు. గీత వెంట చర్మం కోసి లేపారు. కనుబొమల మధ్య సన్నటి పట్టీని మాత్రం తెంపకుండా వదిలారు. ప్రాణమంతా ఆ పట్టీలోనే ఉంది. దాన్ని మెలితిప్పి, చర్మాన్ని కిందికి దించి, మొండం అంచున కోసిన గాడిలో కూర్చారు. కుట్లు లేవు. కాచు నీళ్ళలో నాననిచ్చి గుడ్డ పేలికలకు పట్టించి, అయిదారు పేలికలు ఒకదాని మీద ఒకటి అంటించారు. నాలుగు రోజుల తర్వాత వాటిని తీసి నేతిలో తడిపిన గుడ్డలు వేశారు. పదో రోజున ముక్కు రంధ్రాల్లో మెత్తని గుడ్డముక్కలు పెట్టారు. దాదాపు ఇరవైఅయిదో రోజున, కొత్త చోట రక్తప్రసరణ కుదురుకున్నాక, ఆ పట్టీని కోసేశారు.

ఈ రోజు ప్లాస్టిక్ సర్జన్ ఇదే ఆపరేషన్ చేసేటప్పుడు మైనపు పలకకు బదులు చాలాసార్లు కుట్టుదారం వచ్చే ప్యాకెట్టు రేకును కత్తిరించి కొలతగా వాడతారు. కనుబొమ లోపలి చివర నుంచి పైకి పోయే సుప్రాట్రాక్లియర్ ధమనిని పట్టీలో ఉంచుతారు. దాదాపు మూడు వారాలకు పట్టీ కోస్తారు. ఆ ధమని పేరు పుణె పనివాడికి తెలియదు. అది ఎక్కడ ఉందో అతని చేతికి తెలుసు.

అచ్చులోకి ఎక్కాక

యూరప్‌లో ముక్కు కట్టే విద్య అంతకుముందు లేకపోలేదు. 15వ శతాబ్దంలో సిసిలీలోని బ్రాంకా కుటుంబం ఆ పని చేసేది. బొలోన్యాలో తాల్యాకోజ్జీ 1597లో దాని మీద పెద్ద పుస్తకం వేశాడు. ఆయన చర్మాన్ని పైచేతి నుంచి తీసేవాడు. అది అతుక్కునేదాకా రోగి చేతిని తలకు కట్టుకుని రోజుల తరబడి ఉండాల్సిందే. తర్వాత కొనసాగించేవాళ్ళు కరువై ఆ పద్ధతి మరుగున పడింది.

1794 పత్రిక చదివినవాళ్ళలో లండన్ సర్జన్ జోసెఫ్ కార్పూ ఒకడు. చదివిన మర్నాడే కత్తి పట్టలేదు. శవాల మీద చేసి చూసుకున్నాడు. భారతదేశంలో పనిచేసి వచ్చినవాళ్ళను విచారించాడు. చివరికి 1814 అక్టోబరు 23న ఒక సైనికాధికారికి ఆపరేషన్ చేసి, 1816లో రెండు కేసుల వివరాలు పుస్తకంగా ప్రచురించాడు. పత్రికకూ కత్తికీ మధ్య ఇరవయ్యేళ్ళు. తొమ్మిదో అధ్యాయం చదవకుండానే అందులోని క్రమాన్ని ఆయన పాటించాడు. 1818లో జర్మనీలో గ్రేఫే తన పుస్తకానికి పెట్టిన పేరు నుంచి రైనోప్లాస్టీ అనే మాట స్థిరపడింది.

ఇటు మన దేశంలో ఆ విద్య కులవృత్తి గడప దాటి ఆసుపత్రిలోకి రావడానికి ఇంకా సమయం పట్టింది. జునాగఢ్ సంస్థానంలో బందిపోట్లు ముక్కులు కోస్తుంటే, అక్కడి ప్రధాన వైద్యాధికారి త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా నుదుటి చర్మంతో వాటిని తిరిగి కట్టేవాడు. వందకు పైగా కేసుల అనుభవంతో 1889లో పుస్తకం రాశాడు. ఏది కుదిరింది, ఏది చెడింది అని కాగితం మీద పెడితేనే ఒకరి అనుభవం ఇంకొకరికి పాఠమవుతుంది. పుణె పనివాడి పేరు కూడా మనకు మిగల్లేదు. అతని పద్ధతి మిగలడానికి కారణం, చూసినవాళ్ళు రాసుకోవడం.

కార్పూ రోజుల్లో మత్తు లేదు. రోగి మెలకువగా ఉండి విలవిల్లాడుతుంటే శిష్యుడికి నేర్పే తీరికెక్కడిది? మత్తు వచ్చాకే ఆపరేషన్ బల్ల దగ్గర పాఠం సాధ్యమైంది. ఆ చరిత్రలో హైదరాబాదుకు వాటా ఉంది. ఎడ్వర్డ్ లారీ నడిపించిన క్లోరోఫాం కమిషన్లు 1888, 1889ల్లో ఇక్కడే పనిచేశాయి. ఆయన దగ్గర చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరు.

ముక్కు లోపలి కట్టడం

ఆపరేషన్ల రకాలు తెలియాలంటే ముందు ముక్కు కట్టడం కొంచెం తెలియాలి. ముక్కు పైభాగం ఎముక, కింది మూడింట రెండు వంతులు మృదులాస్థి. రెండు రంధ్రాల మధ్య నిలువుగా దూలం ఉంది. ఇది పందిరికి నడిమి గుంజ వంటిది. అది వంగితే గాలి దారి ఇరుకవుతుంది, కూలితే పైకప్పు కుంగుతుంది. పక్కగోడల మీద టర్బినేట్లు అనే మూడేసి మెత్తని మడతలుంటాయి. పీల్చిన గాలిని వెచ్చబరిచి, తడిపి లోపలికి పంపే పని వాటిది. మన ఊళ్ళలో ‘ముక్కులో కండ పెరిగింది’ అనేది చాలాసార్లు వీటి వాపునే. ఒక్కోసారి అది నిజంగా పాలిప్ అయి ఉంటుంది. రెండూ ఒకటి కావు, చికిత్సా ఒకటి కాదు. ముక్కు చుట్టూ ఎముకల్లో సైనస్ గదులున్నాయి. వాటికీ కంటికీ మధ్య కాగితమంత పలుచని ఎముక, పైన మెదడుకు అడ్డంగా అంతకన్నా నాజూకైన పలక.

ఇంత చిన్న చోట ఇన్ని ప్రమాదాలు కూడి ఉన్నాయి కాబట్టే ముక్కు మీద పని మెట్లు మెట్లుగా నేర్పుతారు. ఆ మెట్ల వరసలోనే రకాలను చూద్దాం.

మొదటి మెట్టు: రక్తం ఆపడం

ఎంబీబీఎస్ ముగించిన హౌస్‌సర్జన్ ఈఎన్‌టీ విభాగంలో గడిపేది రెండు వారాలు. ఆ కొద్దికాలంలో తప్పక నేర్చుకోవాల్సింది కారే ముక్కు రక్తాన్ని ఆపడం. పల్నాడులో దీని అవసరం ఎక్కువే. ఎండలకు రాష్ట్రంలోనే పేరుమోసిన రెంటచింతల మాచర్ల పక్కనే ఉంది. పొడిగాలికి ముక్కు లోపలి పొర ఎండి పగులుతుంది, పిల్లలు వేలు పెట్టి గీకుతారు. దూలం ముందు భాగంలో సన్నటి రక్తనాళాలు కలిసే చోటుంది. ముక్కు రక్తాల్లో ఎక్కువ భాగం అక్కడివే.

పాఠం చిన్నదే. రోగిని కూర్చోబెట్టి ముందుకు వంచాలి. ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్ళతో పదినిమిషాలు వదలకుండా నొక్కాలి. నోటితో ఊపిరి తీయమనాలి. ఆగకపోతే పారఫిన్‌లో తడిపిన గాజుగుడ్డ పట్టీని ముక్కు అడుగు నుంచి మడత మీద మడతగా లోపల కూర్చాలి. కొత్త చేతులు పట్టీని పైకి తోస్తాయి. ముక్కు లోపలి దారి పైకి పోదు, చెవి వైపుగా వెనక్కి పోతుంది. ఈ ఒక్క దిక్కు తెలిస్తే ముక్కు గురించి సగం తెలిసినట్టే.

రెండో మెట్టు: విరిగిన ముక్కు

బైకు ప్రమాదాల్లో ముఖంలో ముందుగా దెబ్బతినేది ముక్కే. పక్కకు ఒరిగిన ఎముకను వాల్షాం పట్టకారుతో పట్టి లేపి సరిచేస్తారు. పెద్దవాళ్ళలో దీనికి వారం, పదిరోజుల గడువుంటుంది. పిల్లల్లో ఎముక ఇంకా త్వరగా అతుకుతుంది. గడువు దాటితే ఎముక వంకరగానే గట్టిపడి, తర్వాత పెద్ద ఆపరేషన్ అవసరమవుతుంది.

పీజీ విద్యార్థికి ఇక్కడ నేర్పే అసలు పాఠం ఎముకది కాదు. దెబ్బ తర్వాత దూలానికి రెండు పక్కలా మెత్తగా ఉబ్బి రెండు రంధ్రాలూ మూసుకుపోతే, పొర కింద రక్తం గడ్డకట్టిందన్నమాట. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, పైపొర నుంచే పోషణ అందుతుంది. మధ్యలో రక్తం చేరితే పోషణ తెగి, కొద్దిరోజుల్లోనే అది చచ్చిపోతుంది. ముక్కు మధ్యలో గుంట పడుతుంది. సమయానికి చిన్న గాటు పెట్టి రక్తం తీసేస్తే చాలు. ఎక్స్‌రేలో ఇది కనబడదు. లైటు వేసి చూసి, తాకి తెలుసుకోవాలి.

మూడో మెట్టు: దూలం సరిచేయడం

ఎంఎస్ ఈఎన్‌టీ మూడేళ్ళలో పీజీకి చేయి కుదిరే ఆపరేషన్ సెప్టోప్లాస్టీ. 1902లో ఫ్రీర్, 1904లో కిలియన్ వంగిన మృదులాస్థిని పొర కింద నుంచి తీసే పద్ధతిని స్థిరపరిచారు. మరీ ఎక్కువ తీస్తే ముక్కు కుంగుతోందని అనుభవంలో తెలిసింది. అందుకే ఇప్పుడు వంకర ఉన్నంత మేరకే సరిచేసి, పైనా ముందూ దాదాపు సెంటీమీటరు వెడల్పు పట్టీని ముట్టుకోకుండా వదులుతారు.

ఇందులో గురువు శిష్యుడి పక్కనే నిలబడి చూసే క్షణం ఒకటుంది. పొరను మృదులాస్థి నుంచి లేపాలి. సరైన పొర కిందికి పరికరం వెళితే రక్తం దాదాపు రాదు, తెల్లగా, కొంచెం నీలిగా మెరిసే మృదులాస్థి కనిపిస్తుంది. ఒక పొర పైన వెళితే ఎర్రగా రక్తం ఊరుతుంది, పొర చిరుగుతుంది. రెండు పక్కలా ఒకేచోట చిరిగితే దూలానికి శాశ్వతంగా చిల్లు పడుతుంది. ఆ తెలుపును కన్ను పట్టుకోవడం, ఆ జారుడును చేయి గుర్తించడం పుస్తకంతో వచ్చే విద్య కాదు. గుడ్డ అంచుకూ తోలుకూ తేడా చెప్పిన పాతగురువు ఇక్కడ గుర్తుకు రావాలి.

నాలుగో మెట్టు: తెర మీద సైనస్

1980ల దాకా సైనస్ ఆపరేషన్లలో చాలావరకు పైపెదవి కింద కోసి చేసేవే. హాప్కిన్స్ కనిపెట్టిన కడ్డీ కటకాలతో సన్నని ఎండోస్కోపు వచ్చింది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మెసెర్‌క్లింగర్, ఆయన శిష్యుడు స్టాంబెర్గర్ సైనస్ జబ్బు అసలు మూలం సన్నటి దారుల్లో ఉందని చూపించారు. 1985లో అమెరికాలో కెనెడీ దానికి ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ అని పేరు పెట్టాడు. గదిని బద్దలు కొట్టకుండా గడప తెరవడమే ఇందులోని మర్మం. పాలిప్‌లు తీయడం, కన్నీటి దారి తెరవడం, మెదడు నీరు కారే చిల్లు మూయడం, న్యూరోసర్జన్‌తో కలిసి ముక్కు దారిన పిట్యూటరీ గడ్డ తీయడం, అన్నీ ఈ పరికరంతోనే.

శిక్షణ రీత్యా ఎండోస్కోపు పెద్ద మార్పు తెచ్చింది. అంతకుముందు ముక్కు లోపల జరిగేది చేసేవాడి ఒక్కడి కంటికే కనబడేది. ఇప్పుడు తెర మీద గదిలో అందరికీ కనబడుతుంది. శిష్యుడు తప్పు చోటికి వెళుతుంటే గురువు ఆపగలడు. అయినా కంటి గోడ, మెదడు గోడ అంత దగ్గరగా ఉన్నచోట తొలి చేయి రోగి మీద పెట్టకూడదు. అందుకే శవాల మీద వర్క్‌షాపులు, గొర్రె తలల మీద అభ్యాసం, త్రీడీ ముద్రణ నమూనాలు. పీజీ లాగ్‌బుక్కులో చూసినవి, సాయపడినవి, గురువు పక్కనుండగా చేసినవి, సొంతంగా చేసినవి అని వేర్వేరు గడులుంటాయి.

2021 మే నెలలో ఈ మెట్టు మీద అనుకోని పరీక్ష వచ్చింది. కోవిడ్ తర్వాత మధుమేహం, స్టెరాయిడ్ల నీడలో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడింది. హైదరాబాదులో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని దీనికి నోడల్ కేంద్రం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చారు. చచ్చిన కణజాలాన్ని ఎండోస్కోపుతో తీయకుండా మందొక్కటే పనిచేయదు. అరుదుగా చూసే కేసు ఆ వేసవిలో పీజీలకు నిత్యకృత్యమైంది. ఆ రోగులు బతికిన చోట, అంతకుముందు ఏళ్ళ తరబడి సాధారణ సైనస్‌ల మీద కుదిరిన చేతులే పనికొచ్చాయి.

చివరి మెట్టు: ఆకారం

రైనోప్లాస్టీ వరసలో చివర వస్తుంది. సినిమాల పుణ్యమా అని జనానికి ముందు తెలిసింది ఇదే. రంధ్రాల లోపలి నుంచే చేస్తే మూసిన పద్ధతి. రంధ్రాల మధ్య స్తంభం మీద చిన్న గాటుతో చర్మం లేపి చేస్తే తెరిచిన పద్ధతి. మూపు చెక్కడం, ఎముక కోసి దగ్గరకు తేవడం, దూలం నుంచో చెవి నుంచో పక్కటెముక నుంచో మృదులాస్థి తెచ్చి నిలబెట్టడం, పెదవి చీలికతో పుట్టినవాళ్ళ ముక్కు సరిచేయడం, అన్నీ ఇందులోవే. వాపు పూర్తిగా దిగి అసలు ఆకారం తేలడానికి ఏడాది పడుతుంది. చేసిన పని ఫలితం ఏడాదికి గానీ కనబడని విద్యలో, తప్పు నుంచి నేర్చుకోవడం నెమ్మదిగానే సాగుతుంది. అందుకే ఇది ఆఖరి మెట్టు.

పోయిన ముక్కును పూర్తిగా కట్టాలంటే లోపలి పొర, మధ్యలో చట్రం, పై చర్మం మూడూ కావాలి. 1985లో బర్గెట్, మెనిక్ ముక్కును తొమ్మిది ఉపభాగాలుగా చూడాలన్నారు. ఒక భాగంలో సగానికి మించి పోతే మిగిలింది కూడా తీసేసి ఆ భాగం మొత్తాన్నీ కొత్తగా కట్టాలన్నారు. అతుకు గీత నీడలో దాగుతుందన్నది కారణం.

ముక్కు ఎవరిది?

ఇంతకీ ముక్కు ఈఎన్‌టీ వాళ్ళదా, ప్లాస్టిక్ సర్జన్లదా? ఈఎన్‌టీ పీజీకి లోపలి దారి బాగా తెలుస్తుంది, నుదుటి చర్మం తిప్పే అవకాశం తక్కువ. జనరల్ సర్జరీ ముగించి ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీకి వచ్చినవారికి చర్మం తెలుసు, సైనస్ కొత్త. ముక్కు మాత్రం లోపలా బయటా ఒకటే. గాలి ఆడని అందమైన ముక్కూ, కుంగిపోయి బాగా గాలి ఆడే ముక్కూ రెండూ వైఫల్యాలే. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు పోయిన సైనికులకు ముఖాలు కట్టి, ఆధునిక ప్లాస్టిక్ సర్జరీకి దారివేసిన హెరాల్డ్ గిలీస్ మొదట ఈఎన్‌టీ సర్జనే. రెండు విభాగాలూ ఒకే బల్ల దగ్గర తమ పీజీలను నిలబెడితే ఈ గోడ కూలుతుంది. 1923లో పుట్టిన ఆంధ్ర వైద్య కళాశాల, 1946లో పుట్టిన గుంటూరు వైద్య కళాశాల లాంటి చోట్ల ఇది కష్టమైన పనేం కాదు.

2020 నవంబరులో ఆయుర్వేద పీజీలు చేయదగిన 58 శస్త్రచికిత్సలను కేంద్రం నోటిఫై చేసింది. వాటిలో 39 శల్యతంత్రం (సాధారణ శస్త్రచికిత్స)లోవి, 19 శాలాక్యతంత్రం (కన్ను, చెవి, ముక్కు, గొంతు, పళ్ళ చికిత్స)లోవి. నిరసనగా డిసెంబరు 11న దేశమంతటా అల్లోపతి వైద్యులు విధులు బహిష్కరించారు. ఆ వాదనలో సుశ్రుతుడి పేరు బాగా వినిపించింది. ఆయన మాటే ప్రమాణమైతే పదహారో అధ్యాయంతో ఆగకూడదు. ఎన్ని శవాల మీద చేశారు, ఎన్ని కేసుల్లో సాయపడ్డారు, ఎవరి పర్యవేక్షణలో ఎన్ని చేశారు అన్న తొమ్మిదో అధ్యాయపు ప్రశ్నను ఏ పద్ధతి వైద్యుడినైనా అడగాలి.

ఇప్పుడు పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నియమం ఉంది. ముక్కు రక్తాలూ విరిగిన ముక్కులూ మొదట చేరేది అలాంటి చోటికే. ఆ మూడు నెలలూ హాజరు పట్టీతో గడిచిపోతే పీజీకీ నష్టమే, పల్నాడు రోగికీ నష్టమే.

పాఠకులకు చివరిగా నాలుగు మాటలు. ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకండి, ముందుకు వంగి పదినిమిషాలు నొక్కి పట్టండి. దెబ్బ తగిలి ముక్కు మూసుకుపోతే, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ అవసరమని చెబితే అది దూలానికా, సైనస్‌కా, కండకా, ఆకారానికా అని, ఇలాంటివి మీరు ఎన్ని చేశారని అడగండి. బోధనాసుపత్రిలో బల్ల పక్కన కుర్ర డాక్టరు కనిపిస్తే కంగారుపడకండి. అనుభవజ్ఞుడి కళ్ళముందు నేర్చుకుంటున్న ఆ చెయ్యే, రేపు మీ జిల్లాకు వచ్చే సర్జన్ చెయ్యి.